కణానికీ పట్టు కావాలి: ఎముకను ఆహ్వానించే నానో ఉపరితలాలు

తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్స పూర్తయి, రోగి కర్ర సాయంతో తొలి అడుగులు వేసిన రోజున ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అయితే శరీరం లోపల అసలు పని అప్పుడే మొదలవుతుంది. సిమెంటు వాడకుండా తొడ ఎముకలో అమర్చిన లోహపు కాడపై ఎముక కణాలు నిలదొక్కుకోవాలి. దాని చుట్టూ కొత్త ఎముకను నిర్మించాలి. ఆ కలయిక సరిగా జరగకపోతే కాడ సడలుతుంది, నొప్పి మొదలవుతుంది, కొందరికి మరో శస్త్రచికిత్స తప్పనిసరి అవుతుంది.

కణాలు నిలుస్తాయా లేదా అన్నది లోహం స్వభావంతో పాటు, దాని పైపొరలోని అతి సూక్ష్మమైన ఎత్తుపల్లాల మీద కూడా ఆధారపడి ఉంటుందని పరిశోధనలు వెల్లడిస్తున్నాయి. ఈ ఎత్తుపల్లాలను నానోమీటర్లలో కొలుస్తారు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది.

పందిరి, తీగ

బీరపాదుకు పందిరి వేసే రైతు తాళ్ల మధ్య దూరాన్ని చూసి కడతాడు. తాళ్లు మరీ ఎడంగా ఉంటే తీగ నులిచుట్టలకు పట్టు దొరకదు. కణం పరిస్థితీ దాదాపు ఇంతే. ఆధారం వెంట కణాలు సాగుతాయన్న సంగతి శాస్త్రానికి కొత్త కాదు. సాలెపట్టు దారాలపై పిండకణాలను పెంచిన అమెరికా శాస్త్రవేత్త రాస్ హారిసన్, అవి ఆ దారాల వెంటే సాగుతున్నాయని 1914లో వివరించారు.

కణం పైపొరపై ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఉపరితలాన్ని తాకి పట్టుకునే చేతివేళ్ల వంటివి ఇవి. ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లలో ఉండే మూడు అమైనో ఆమ్లాల చిన్న వరుసను కణాలు గుర్తించి పట్టుకుంటాయని ఎర్కి రువొస్లాటి, మైకేల్ పియర్ష్‌బాకర్ 1984లో ప్రకటించారు.

పట్టు ఉంటే చాలదు, ఆ పట్టులు తగినంత దగ్గరగా ఉండాలని జర్మనీలో యోఆకిమ్ స్పాట్జ్ బృందం 2004లో చూపింది. వీరు గాజు పలకపై 8 నానోమీటర్లకు మించని బంగారు చుక్కలను క్రమమైన దూరాల్లో అమర్చి, ఒక్కొక్క చుక్కకు ఆ పట్టు అణువులను అతికించారు. చుక్కల మధ్య దూరం 58 నానోమీటర్లు ఉన్నప్పుడు కణాలు చక్కగా పరచుకున్నాయి. ఆ దూరం 73 నానోమీటర్లకు పెరగగానే వాటి పట్టు బలహీనపడింది. ఇంటెగ్రిన్లు పక్కపక్కన గుంపుగా చేరితేనే కణానికి గట్టి పట్టు కుదురుతుందని దీంతో స్పష్టమైంది.

కాస్త వరుస తప్పితేనే ఎముక

బ్రిటన్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మాథ్యూ డాల్బీ తదితరులు 2007లో ప్రచురించిన ఫలితాలు మరింత ఆసక్తి రేపాయి. వారు ప్లాస్టిక్ పలకపై 120 నానోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల లోతు గల గుంటలను చెక్కి, వాటిపై మానవ మూలకణాలను పెంచారు. చదరంగం గళ్లలా కచ్చితమైన వరుసలో గుంటలు ఉన్న పలకపై ఎముక సరిగా ఏర్పడలేదు. ఏ వరుసా లేకుండా చెల్లాచెదురుగా ఉన్న పలకపైనా ఆశించిన ఫలితం రాలేదు. గుంటలను వాటి స్థానం నుంచి 50 నానోమీటర్ల వరకు అటూ ఇటూ జరిపినప్పుడు మాత్రం, ప్రత్యేక రసాయనాలేవీ కలపకుండానే, మూలకణాలు ఎముక ఖనిజాన్ని తయారు చేశాయి.

కచ్చితమైన వరుసకూ ఉపయోగం ఉందని 2011లో తేలింది. అలాంటి పలకపై మూలకణాలు వారాల తరబడి మూలకణాలుగానే మిగిలాయి. చికిత్స కోసం మూలకణాలను పెంచి నిల్వ ఉంచాలనుకునేవారికి ఇది ముఖ్యమైన విషయం.

గుంటల అమరికకు కణం భవిష్యత్తును మార్చే శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కణం లోపల సన్నని ప్రోటీన్ పోగుల చట్రం ఉంటుంది. బయట పట్టు దొరికిన చోట ఈ పోగులు బిగుసుకుంటాయి. ఆ లాగుడు కేంద్రకం వరకు చేరి, ఏ జన్యువులు పనిచేయాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటుంది. గట్టిగా పట్టుకుని, విస్తరించి, బిగువుగా ఉన్న మూలకణం ఎముక వైపు మొగ్గు చూపుతుంది.

సూక్ష్మజీవులతో పోటీ

అదే ఉపరితలం కోసం బ్యాక్టీరియా కూడా కాచుకుని ఉంటుంది. ఇంప్లాంట్‌ను ముందుగా ఎవరు ఆక్రమిస్తారన్న ఈ పోటీని అమెరికా వైద్యుడు ఆంథొనీ గ్రిస్టినా 1987లో పరుగు పందెంతో పోల్చారు. బ్యాక్టీరియా ముందుగా చేరి పొరలా పేరుకుంటే యాంటీబయాటిక్ మందులకు లొంగడం కష్టం. చివరికి ఇంప్లాంట్‌నే తొలగించవలసి రావచ్చు.

ఇక్కడ ఒక కీటకం దారి చూపింది. సికాడా రెక్కలపై ఉండే నానో స్తంభాలు కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరను చీల్చి చంపుతాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2012లో వెల్లడించారు. అలాంటి ముళ్లను టైటానియంపై సృష్టించే ప్రయత్నాలు ఆ తరువాత ఊపందుకున్నాయి. ఎముక కణానికి పట్టునిస్తూ బ్యాక్టీరియాను తుంచే ఉపరితలం వీరి లక్ష్యం.

ప్రయోగశాల నుంచి శరీరానికి

ఫలితాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. టైటానియంపై విద్యుత్ రసాయన పద్ధతిలో నానో గొట్టాలను పెంచవచ్చు. 15 నానోమీటర్ల గొట్టాలపై కణాలు బాగా నిలుస్తాయని, 100 నానోమీటర్ల గొట్టాలపై చనిపోతాయని జర్మనీ బృందం 2007లో తెలిపింది. పెద్ద గొట్టాలే మూలకణాలను ఎముక వైపు నడిపిస్తాయని 2009లో అమెరికా బృందం ప్రకటించింది. గొట్టాల తయారీ, శుద్ధి పద్ధతుల్లో, కణాలను పెంచిన తీరులో చిన్న తేడా ఉన్నా ఫలితం మారవచ్చు. అందువల్ల ఒక్క కొలతనే ప్రమాణంగా తీసుకోలేము.

శరీరంలో మరో చిక్కు ఉంది. రక్తం తాకిన క్షణాల్లోనే ప్రోటీన్లు ఉపరితలాన్ని కప్పేస్తాయి. కణం తాకేది ఆ పొరనే. ఎముకలోకి దిగగొట్టేటప్పుడు కలిగే రాపిడికి సున్నితమైన నానో నిర్మాణాలు అరిగిపోకూడదు. వంపులు తిరిగిన పెద్ద ఇంప్లాంట్ అంతటా ఒకే తీరుగా వాటిని చెక్కగలగాలి.

భారతదేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనలు పరికరాలను ముప్పు స్థాయిని బట్టి ఏ నుంచి డి వరకు నాలుగు తరగతులుగా విభజించాయి. ముప్పు పెరిగేకొద్దీ భద్రతకు, పనితీరుకు చూపవలసిన ఆధారాలూ పెరుగుతాయి. ప్రయోగశాల పలకపై ఎముక పెరగడం ఆ దారిలో తొలి మెట్టు మాత్రమే. రోగి శరీరంలో ఏళ్ల తరబడి సడలకుండా నిలిచినప్పుడే ఆ ఉపరితలం తన పని చేసినట్లు.