మన తోటల పంట - ప్రపంచపు సంత

పండుగ సంచికలో పంటల ధరల గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. కాని హుటాన్ మెలింటాంగ్ చుట్టుపక్కల తోట కూడు తినని తెలుగు ఇల్లు అరుదు. ఆ పంట ప్రపంచపు సంతలో నిలుస్తుందా లేదా అన్నది మన ఇంటి సంగతే.

పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మలయాలో తొలి వాణిజ్య తోట 1917లో సెలంగార్‌లోని తెన్నమరాంలో వేశారు. హెక్టారుకు సోయా సుమారు అర టన్ను నూనె ఇస్తే, ఈ చెట్టు మూడు టన్నులకు పైగా ఇస్తుంది. మన బలమంతా అక్కడే ఉంది.

ఆ దిగుబడి ఊరికే రాలేదు. 1970లలో మా అమ్మ, ఆమె ఈడు ఆడవాళ్ళు పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి, చెట్టు చెట్టుకూ తిరిగి ఆడపూల మీద చల్లేవారు. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కు పురుగును తెచ్చి తోటల్లో వదిలారు. ఆ పని అదే చేసింది. కాయ బాగా కట్టింది, ఖర్చు తగ్గింది. దేశానికి లాభం; అమ్మకు మాత్రం ఒక పని పోయింది. పోటీకి ఈ రెండు ముఖాలూ ఉంటాయి.

దిగువ పేరాలో కొబ్బరి నీడన వేసిన కోకో కథ వేరు. 1990 ప్రాంతంలో మలేషియా కోకోలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉండేది. ధర పడిపోయింది, పురుగు పట్టింది, కూలి పెరిగింది. ఇప్పుడు ఆ పంట నామమాత్రం. పేరున్న పంట కూడా ఒక తరంలో పోగలదు.

పామాయిల్‌లో 2006 ప్రాంతంలోనే ఇండోనేషియా మనల్ని దాటింది. వారికున్నంత భూమి మనకు లేదు. పైగా గెల కోశాక 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనె నాణ్యత చెడుతుంది. కోవిడ్ కాలంలో విదేశీ కూలీలు రాక గెలలు చెట్ల మీదే కుళ్ళిపోయాయి. ఇరవై అయిదేళ్ళు దాటిన చెట్టును తీసి కొత్త మొక్క వేస్తే మూడేళ్ళు రాబడి ఉండదు. చిన్న రైతు అందుకే వెనకాడతాడు.

ఇక మన నూనెకు పెద్ద గిరాకీ ఇండియాది. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ముడి పామాయిల్ మీద 20 శాతం సుంకం వేసింది. 2025 మేలో దాన్ని 10కి తగ్గించింది. సుంకం వేసినప్పుడు పెదవేగి దగ్గర పామాయిల్ పండించే మా బావగారు ఫోనులో సంతోషించారు. ఇక్కడ మా తమ్ముడు దిగులుపడ్డాడు. తగ్గించినప్పుడు దిగులు అటు మళ్ళింది. ఒకే పంట, ఒకే బంధువర్గం!

సుంకాలు మన చేతిలో లేవు. మంచి విత్తనం, వేళకు కోత, ముదురు చెట్ల మార్పిడి, గెల మోసే యంత్రం మన చేతిలో ఉన్నాయి. చదువుకున్న మన పిల్లలు తోటను తాతల కూలి బతుకుగానే చూస్తున్నారు. వారిలో కొందరైనా వ్యవసాయ శాస్త్రం చదివి, దానికి యజమానులుగా తిరిగి రావాలి. సంఘం విద్యార్థి వేతనాలలో ఒక్కటైనా అందుకు కేటాయించాలని పెద్దలకు నా మనవి.