అరకు కొండల్లో గిటార్ రికార్డింగ్: పెద్ద బాక్స్ కొనాలా, చిన్నది చాలా?

థింసా అంటే అరకు వైపు తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడు కొమ్ములు. ఇప్పుడు కుర్రాళ్ల పాటల్లో వీటి పక్కన గిటార్ కూడా వినిపిస్తోంది. చాలామంది చర్చిలో నేర్చుకున్నవాళ్లే. సొంత పాట కట్టుకుని, రికార్డ్ చేసి, ఫోన్లో అందరికీ పంపుకోవాలని వాళ్ల ఆశ. నలుగురైదుగురు కలిసి కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టి, సుమారు 115 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్తారు. అక్కడ షాపులో నిలువెత్తు స్పీకర్ బాక్స్ కనిపిస్తే చూపు దాని మీదే ఆగిపోతుంది. డబ్బంతా దానికే పోయాక మైక్ కొనడానికి ఏమీ మిగలదు. కాబట్టి కొనేముందు ఈ బాక్స్ సంగతి కాస్త తెలుసుకోవాలి.

అసలు ముందు చూడాల్సింది మీ గిటార్ ఏది అన్నది. మామూలు చెక్క గిటార్, అంటే అకౌస్టిక్ అయితే మీకు ఈ బాక్స్ అవసరమే లేదు. గిటార్ మెడ బాడీతో కలిసే చోటికి ఎదురుగా, జానెడు దూరంలో ఒక మంచి మైక్ పెడితే పని అయిపోతుంది. క్యాబినెట్ గొడవంతా ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లది.

క్యాబినెట్ అంటే ఒక చెక్క పెట్టె, అందులో ఒకటో రెండో నాలుగో స్పీకర్లు, వెనక ఒక జాక్. అంతే. దానికి కరెంటు ప్లగ్ ఉండదు. కరెంటు కావాల్సింది యాంప్లిఫయర్‌కి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే కాంబో అంటారు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిన సామాను వాడేవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఒక మాట. అమెరికా యాంప్ 120 వోల్టులది అయితే మన 230 వోల్టుల్లో నేరుగా పెట్టకూడదు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. విడి క్యాబినెట్‌కి మాత్రం ఏ దేశమైనా ఒకటే.

మరి డీజే బాక్సులు ఊరూరా ఉన్నాయి కదా, అందులోనే పెట్టేస్తే పోదా అని అడుగుతారు. పోదు. డీజే బాక్స్ పాట మొత్తాన్ని, సన్నటి స్వరం నుంచి బేస్ దాకా, ఉన్నదున్నట్టు వినిపించాలి. అందుకే దానికి ట్వీటర్ ఉంటుంది. గిటార్ స్పీకర్ అలా కాదు. ఉదాహరణకి సెలెస్టియన్ అనే ఇంగ్లండ్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ పలికేది సుమారు 75 నుంచి 5000 హెర్ట్జ్ వరకే. గిటార్ లావు తీగ స్వరం 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి కింద ఇబ్బంది లేదు. పైన 5000 దాటాక స్పీకర్ దాదాపు నోరు మూసుకుంటుంది, అదే దాని గొప్ప. డిస్టార్షన్ పెడల్ నొక్కినప్పుడు పుట్టే గరగరమనే శబ్దం ఎక్కువగా ఆ పైనే ఉంటుంది. డీజే బాక్స్ దాన్నంతా బయటికి తోస్తుంది, కందిరీగల తుట్టె కదిలినట్టు ఉంటుంది. మసీదు మీద ఉండే హారన్ స్పీకర్ సంగతి గుర్తు తెచ్చుకోండి. మాట దూరం వినిపించడానికి చేసింది కాబట్టి అజాన్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. అందులోనే కవ్వాలీ పెడితే తబలా బాయా వినపడదు. ఏ స్పీకర్ పని దానిదే.

ఇక సైజు. నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న పెద్ద బాక్స్ స్టేజ్ కోసం పుట్టింది. జిమ్ మార్షల్ 1960ల్లో లండన్‌లో అమ్మింది అలాంటివే. అప్పట్లో గిటార్ యాంప్‌ని సౌండ్ సిస్టమ్‌లోకి కలిపే పద్ధతి అంతగా లేదు, హాలంతా వినపడాలంటే బాక్సే అరవాలి. ఈనాటి మార్షల్ 1960 మోడల్ బాక్స్ బరువు 36 కిలోల పైనే. జీపు టాప్ మీద వేసి ఘాట్ ఎక్కించడం సరే, తర్వాత గూడెం దాకా మోసేదెవరు?

రికార్డింగ్‌లో మైక్ వినేది ఒక్క స్పీకర్‌నే. మైక్‌ని స్పీకర్ గుడ్డకి అంగుళం దూరంలో పెడతారు, మిగతా మూడూ ఆ మైక్‌కి దాదాపు లేనట్టే. పెద్ద పెట్టెలో బేస్ కొంచెం నిండుగా ఉంటుంది నిజమే, కానీ పాటలో తుడుము, డప్పు ఉన్నప్పుడు ఆ బేస్‌ని మిక్సింగ్‌లో ఎలాగూ కోసేస్తారు. నాలుగు స్పీకర్లకి డబ్బు కట్టి ఒకదాన్ని వాడుకోవడం లెక్కల్లో ఎక్కడా కుదరదు. ఎరిక్ క్లాప్టన్ 1970లో లైలా ఆల్బమ్‌కి వాడింది ఫెండర్ చాంప్ అనే బుల్లి యాంప్ అని చెబుతారు. అది సుమారు 5 వాట్లది, స్పీకర్ 8 అంగుళాలే.

వాట్లు చూసి కూడా మోసపోవద్దు. బాక్స్ మీద రాసిన వాట్లు అది తట్టుకునే శక్తి, ఇచ్చే గోల కాదు. గోల ఎంతో తెలియాలంటే సెన్సిటివిటీ చూడాలి. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, 98 డెసిబెల్స్. అదే కంపెనీ వింటేజ్ 30 అనేది పేరులో 30 ఉన్నా 60 వాట్లది, 100 డెసిబెల్స్. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం. ఇంట్లో పక్కన కూర్చోలేరు. యాంప్ వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి 15 వాట్ల యాంప్‌తో ఇంట్లో రికార్డింగ్ హాయిగా అవుతుంది. స్పీకర్ మాత్రం యాంప్ కన్నా ఎక్కువ వాట్లు తట్టుకునేదై ఉండాలి, లేకపోతే కాయిల్ కాలుతుంది.

ఈ రెండింట్లో ఏది అంటే, నా ఓటు థింసా వాద్యాలున్న పాటకి గ్రీన్‌బ్యాక్ రకానికే. వింటేజ్ 30లో 2000, 3000 హెర్ట్జ్ దగ్గర ఒక ఉబ్బు ఉంటుంది, అందువల్ల గిటార్ ముందుకు పొడుచుకొస్తుంది. రాక్ బ్యాండ్‌కి అదే కావాలి. కానీ సన్నాయి లాంటి మోరి కూడా చెవికి తగిలేది అక్కడే. రెండూ ఒకే చోట నిలబడితే మోరి ఏదో గిటార్ ఏదో తెలియదు. మెత్తటి స్పీకర్ ఉంటే మోరికి చోటు మిగులుతుంది.

పెట్టె వెనక భాగం మూసి ఉందా, తెరిచి ఉందా అన్నదీ ముఖ్యమే. తెరిచి ఉంటే శబ్దం వెనక్కి కూడా పోయి గోడకి కొట్టి తిరిగొస్తుంది. పెద్ద హాల్లో అది అందం. సిమెంటు గోడల చిన్న గదిలో బకెట్లో పాడినట్టు వస్తుంది. మన గదులకి మూసిన బాక్సే మేలు, బేస్ గట్టిగా ఉంటుంది, గది ప్రభావం తక్కువ. వెనక పలక స్క్రూలు విప్పి తీసుకునేలా ఉంటే ఇంకా మంచిది.

చెక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. చవక బాక్సులు పొట్టు చెక్కతో చేస్తారు. అరకులో వానాకాలం తేమ, చలికాలం మంచు కలిస్తే ఆ చెక్క అంచులు ఉబ్బి, స్క్రూలు వదులై, బాక్స్ గిలగిలమని మోగుతుంది. ప్లైవుడ్ అడగండి. అసలు స్పీకర్ విడిగా కొని, ఊళ్లో వడ్రంగితో 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పెట్టె చేయించుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన బేరం. 12 అంగుళాల స్పీకర్‌కి రంధ్రం సుమారు 28 సెంటీమీటర్లు. కోసే ముందు మీ స్పీకర్‌తో వచ్చిన కొలత చూసుకోవాలి. జిగురు, స్క్రూ రెండూ వేయించాలి, ఎక్కడా గాలి లీక్ కాకూడదు. బాక్స్‌ని నేల మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టి, నూలు గుడ్డ కప్పండి. పాలిథిన్ కప్పితే తేమ లోపలే ఉండిపోయి కాగితం కోన్ మెత్తబడుతుంది.

తప్పు చేస్తే జేబుకి పెద్ద దెబ్బ తగిలేది ఓమ్స్ దగ్గర. యాంప్ వెనక 8 అని ఉంటే బాక్స్ కూడా 8 ఓమ్స్ ఉండాలి. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే రాసినదానికన్నా తక్కువ ఓమ్స్ పెట్టకూడదు, ఎక్కువ పెడితే శబ్దం కాస్త తగ్గుతుంది, నష్టం లేదు. వాల్వ్ యాంప్ అయితే సరిగ్గా సరిపోవాలి. దాన్ని బాక్స్ తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, ఆ రిపేరు కొండ మీద దొరకదు. రెండు 8 ఓమ్ స్పీకర్లు పక్కపక్కన కలిపితే 4, వరుసలో కలిపితే 16. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మల్టీమీటర్ పట్టుకెళ్లండి. 8 ఓమ్ స్పీకర్ మీటర్‌లో 6, 7 మధ్య చూపిస్తుంది, అది సహజమే. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. యాంప్ నుంచి బాక్స్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడటానికి అలాగే ఉంటుంది గానీ లోపల తీగ సన్నం, వేడెక్కుతుంది.

మైక్ సంగతికొస్తే, షూర్ కంపెనీ ఎస్ఎం57 1965 నుంచి ఉంది, ఇప్పటికీ స్టూడియోల్లో గిటార్ బాక్స్ ముందు కనిపించేది అదే. స్పీకర్ సరిగ్గా మధ్యలో పెడితే పదును, అంచు వైపు జరిపితే మెత్తదనం. ఒక అంగుళం జరిపితే వచ్చే తేడా కొన్నిసార్లు కొత్త స్పీకర్ కొన్నంత ఉంటుంది. డబ్బు పెట్టకుండా దొరికే మార్పు కాబట్టి గంటసేపు దానితోనే కుస్తీ పట్టండి. గది గోడలకి బొంతలు, రగ్గులు వేలాడదీయండి. రేకుల ఇల్లయితే వాన లేని రోజు చూసుకోవాలి, రేకు మీద చినుకుల మోత మైక్‌లోకి నేరుగా వస్తుంది.

బాక్స్ అసలే కొనకుండా కూడా రికార్డ్ చేయొచ్చు. ఇంపల్స్ రెస్పాన్స్ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది, ఫలానా బాక్స్ ముందు ఫలానా మైక్ పెడితే శబ్దం ఎలా మారుతుందో అందులో పట్టి ఉంచుతారు. గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, యాంప్ సాఫ్ట్‌వేర్ తర్వాత ఆ ఫైల్ పెడితే సరి. సెలెస్టియన్ కంపెనీయే తన స్పీకర్ల ఫైళ్లు అమ్ముతోంది, ఉచితంగా దొరికేవీ చాలా ఉన్నాయి. న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. కరెంటు పోయినా బ్యాటరీ మీద పని నడుస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఊరికి వినపడదు. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయని మసీదు కమిటీల వాళ్లందరికీ తెలుసు. కుర్రాళ్లకి తీరిక దొరికేదేమో పనులన్నీ అయ్యాక ఆ రాత్రే. లోటేంటంటే, బాక్స్ ముందు నిలబడినప్పుడు దాని శబ్దానికి తీగ తనంతట తాను మోగుతూ ఉంటుంది చూడండి, ఆ సుఖం హెడ్‌ఫోన్లో రాదు.

చేతిలో యాంప్ లేనివాళ్లు మొదటి పాట ఇలా ఫైల్‌తోనే చేసుకుని, ఉన్న డబ్బు ఇంటర్‌ఫేస్ మీద, ఒక మైక్ మీద పెట్టాలి. ఆ మైక్ రేపు మోరికి, డప్పుకి, గొంతుకి కూడా పనికొస్తుంది. యాంప్ ఇప్పటికే ఉన్నవాళ్లకి ఒక్క 12 అంగుళాల స్పీకర్, వెనక మూసిన ప్లైవుడ్ పెట్టె చాలు. షాపుకి మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. బాక్స్ నేల మీద ఉండి మీరు నిలబడి వింటే అసలు శబ్దం తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని, చెవి స్పీకర్ ఎత్తుకి తెచ్చి, వాల్యూమ్ తక్కువలో వినండి. మైక్ వినేది అక్కడి నుంచే.