కెనెడీ మొనగాడితనం: అపోహలు – వాస్తవాలు

నాయకుడంటే ఛాతీ విరుచుకుని నిలబడాలని, ఒక మెట్టు దిగితే మగతనం పోయినట్టేనని నమ్మేవాళ్ళు తరచూ చూపించే పేరు అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ. ఆయన మీద అల్లుకున్న నమ్మకాల్లో చాలావాటికి ఆధారం లేదు.

అపోహ: ఆయనది ఉక్కులాంటి శరీరం.

వాస్తవం: అడ్రినల్ గ్రంథులు పనిచేయని అడిసన్ వ్యాధి ఆయనకు ఉందని 1947లోనే లండన్‌లో తేలింది. జీవితాంతం స్టెరాయిడ్లు వాడారు. 1954లో వెన్నుకు ఆపరేషన్ జరిగితే ప్రాణం మీదికొచ్చింది. చొక్కా లోపల నడుముకు బిగుతైన పట్టీ, జనం కంటపడని చోట చంకల కింద ఊతకర్రలు. అయినా 1960 అధ్యక్ష ఎన్నికల్లో ఆ జబ్బే లేదని ఆయన వర్గం బుకాయించింది. గెలిచాక, ఆ డిసెంబరులోనే, అమెరికన్లు శరీరదారుఢ్యం కోల్పోయి మెత్తబడిపోతున్నారని ఓ క్రీడాపత్రికలో ఆయన పేరుతో వ్యాసం వచ్చింది. జబ్బు పడటం తప్పు కాదు. ఓటర్లకు అబద్ధం చెప్పడం ముమ్మాటికీ తప్పే.

అపోహ: 1960 సెప్టెంబరు 26 నాటి చర్చలో రేడియో విన్నవాళ్ళకు ప్రత్యర్థి నిక్సన్, టీవీ చూసినవాళ్ళకు కెనెడీ నెగ్గినట్టు అనిపించింది.

వాస్తవం: దీనికి ప్రధాన ఆధారం ఒకే ఒక్క సర్వే. అందులో రేడియో శ్రోతలు మూడొందల మంది కూడా లేరు.

అపోహ: క్యూబాలో సోవియట్ క్షిపణులు పెట్టడంతో వచ్చిన 1962 సంక్షోభంలో కెనెడీ అంగుళం కూడా తగ్గలేదు. సోవియట్ నేత కృశ్చేవే తోక ముడిచాడు.

వాస్తవం: క్యూబా మీద బాంబులు వేయాల్సిందేనని సైనికాధికారులు పట్టుబడితే, కెనెడీ నౌకా దిగ్బంధం చాలన్నారు. అక్టోబరు 27 రాత్రి ఆయన తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను కలిశారు. టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణుల్ని నాలుగైదు నెలల్లో తీసేస్తామని మాటిచ్చారు. సంగతి బయటికి పొక్కకూడదన్నది షరతు. 1963 ఏప్రిల్‌కల్లా ఆ క్షిపణులు అక్కడ లేవు. అంటే, ఇద్దరూ తలో మెట్టు దిగారు. కోట్ల ప్రాణాలు నిలిచాయి. ఆయన పాలనలో ఇంతకన్నా ధైర్యమైన నిర్ణయం నాకు కనిపించదు. మెత్తనివాడన్న పేరొస్తుందనే భయంతో దాన్నే దాచిపెట్టారు. ఉపాధ్యక్షుడు జాన్సన్‌కు కూడా చెప్పలేదు. రాజీతోనే సంక్షోభం తీరిందని తెలియకుండానే 1963లో అధ్యక్షుడై, వియత్నాంకు లక్షల సైనికుల్ని పంపింది ఆ జాన్సనే. రాబర్ట్ డైరీల ఆధారంగా 1969లో వచ్చిన పుస్తకంలోనూ ఆ ఒప్పందం సూటిగా కనిపించదు. ఆ భాగాన్ని తీసేసింది తానేనని కెనెడీ సలహాదారు సోరెన్సన్ 1989లో మాస్కో సదస్సులో ఒప్పుకున్నారు.