నలుగురి గుడారంలో రెండున్నర చాపలు

కార్వేటినగరంలో మా మిద్దె మీద మొన్న సాయంత్రం ముగ్గుపిండితో ఒక గడి గీశాను. ఒక పక్క 8 అడుగులు, ఇంకో పక్క 7. నలుగురికి సరిపోతుందని అమ్మే గుడారాల్లో చాలావాటి నేల కొలత ఇంచుమించు ఇంతే. ఇంట్లో రోజూ పరుచుకునే కోరచాపలు తెచ్చి అందులో వేశాం. చాప వెడల్పు 3 అడుగులు, పొడవు 6. రెండు చాపలు సుఖంగా పడ్డాయి. మూడోదాన్ని 2 అడుగులకు మడిస్తే గానీ గీత లోపల ఆగలేదు. అమ్మ గీత అవతల నిలబడి అంతా చూసి, "మీరు నలుగురూ ఆడ పండుకుంటే నేనేడ పండుకునేది నాయనా?" అంది.

గుడారం కొనేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే. పెట్టె మీద 4 అని ఉంటే, 8 అడుగులను నలుగురికి పంచారని అర్థం. మనిషికి 2 అడుగులు, అంటే 60 సెంటీమీటర్లు. భుజం భుజం ఆనించి పడుకుంటే పడతారు. పక్కకు తిరగడం కష్టం. బట్టల సంచికి, నీళ్ల క్యానుకు, చెప్పులకు ఆ లెక్కలో చోటే లేదు. కంటినిండా నిద్ర పట్టాలంటే పెద్దవాళ్లకు రెండున్నర అడుగులు, పిల్లలకు 2 అడుగులు వేసుకోవాలి. మా ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం, పిల్లలు ఇద్దరు. ఏడున్నర, నాలుగు కలిపితే పదకొండున్నర అడుగులు. నలుగురిదే కాదు, ఐదుగురిదన్నా చాలదు.

అందుకే ఆరుగురిది చూశాను. 10 అడుగులకు 10 అడుగులు, 100 చదరపు అడుగులు. ముగ్గుపిండితో మళ్లీ గీశాం. పెద్దవాళ్లు ముగ్గురు, పెద్దపిల్ల పక్కపక్కన పడుకుంటే తొమ్మిదిన్నర అడుగులు. కాళ్ల దగ్గర ఇంకా 4 అడుగుల వెడల్పున చోటు మిగిలింది. చిన్నోడు అడ్డంగా పడుకోగా సంచులు కూడా అందులోనే సర్దుకున్నాయి. మీ ఇంటి లెక్క వేరుగా ఉంటుంది. అయినా ఇంట్లో ఉన్నవాళ్ల కంటే కనీసం ఒకరిని ఎక్కువ లెక్కేసి కొనమంటాను. సామానంతా లోపలే పెట్టుకునేవాళ్లయితే ఇద్దరిని.

ఇక ఎత్తు. చిన్న గుడారాల్లో నడుమ ఎత్తు 4 అడుగుల చిల్లర ఉంటుంది, ఆరుగురి వాటిలో సుమారు 6. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ తేడాకు డబ్బు పెట్టాల్సిందే. పాక్కుంటూ బయటికి రావడం వాళ్లవల్ల కాదు. ఎత్తు పెరిగితే గాలి దెబ్బా పెరుగుతుంది కాబట్టి తాళ్లు, మేకులు అన్నీ బిగించాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నీటి లెక్క మీద. గుడ్డ మీద 1500 మి.మీ. అనో, 3000 మి.మీ. అనో రాసి ఉంటుంది. అది వాన కొలత కాదు. గుడ్డ మీద అంత ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారకుండా తట్టుకుంటుందని చెప్పే కొలత. మా ఊరి స్కంద పుష్కరిణిలో మెట్లు దిగి 5 అడుగుల లోతు నీళ్లలో నిలబడితే పాదాల దగ్గర ఎంత ఒత్తిడి ఉంటుందో, 1500 మి.మీ. అంటే అంత. పైగుడ్డకు అది చాలు, ఎందుకంటే వాన చినుకు జారిపోతుంది. అడుగున పరిచిన పట్ట సంగతి వేరు. 60 కిలోల మనిషి తడినేల మీద మోకాళ్లూని పక్క సర్దుతున్నాడనుకోండి. ఒక్కో మోకాలి కింద 50 చదరపు సెంటీమీటర్లు వేసుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 0.6 కిలో బరువు. అది 6 మీటర్ల నీటి ఒత్తిడికి సమానం, అంటే 6000 మి.మీ. కాబట్టి అడుగుపట్టకు పెద్ద అంకె వెతకండి. దాని కింద ఇంకో టార్పాలిన్ పట్ట వేయండి, అంచులు గుడారం బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికి వస్తే వాన నీటిని అదే లోపలికి పట్టుకొస్తుంది.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం. 100 చదరపు అడుగుల గుడారం మీద ఆ వాన పడితే వచ్చే నీళ్లు 600 లీటర్లు, 15 లీటర్ల బిందెలతో 40. ఇవన్నీ గుడారం చుట్టే పడతాయి. అందుకే నేల వాలు చూడకుండా మేకు కొట్టకూడదు. అడుగూ గోడలూ కలిసే కుట్ల మీద లోపలివైపు టేపు అంటించి ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక స్నేహితుడి గుడారాన్ని మిద్దె మీద వేసి బిందెడు నీళ్లు పోశాం. గుడ్డ చుక్క కూడా పీల్చలేదు. మూల కుట్టు దగ్గర మాత్రం ఒక్కో చుక్కా ఊరి, దారం వెంట పాకి, సరిగ్గా తల పెట్టుకునే చోట రాలింది.

వాన లేకపోయినా తెల్లారేసరికి లోపల తడి కనిపిస్తుంది. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా మనిషి నుంచి రాత్రి 8 గంటల నిద్రలో పావు లీటరు దాకా నీరు ఆవిరవుతుంది. ఐదుగురికి లీటరుకు పైనే. అది చల్లటి గుడ్డకు తగిలి చుక్కలవుతుంది. జాలీ ఉన్న లోపలి పొర, దానికి ఎడంగా పైపొర, గాలి పోవడానికి రెండు వైపులా కిటికీలు ఉన్నదే తీసుకోండి. చలేస్తోందని అన్నీ మూసేసి లోపల స్టవ్వుగానీ బొగ్గుల కుంపటిగానీ పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎక్కడ వేయాలి? అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. తలకోన అడవి కూడా శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోదే, కాబట్టి అక్కడా ఆ అనుమతి కావాలి. కోనల్లో వాగు గట్టున ఇసుక మెత్తగా ఉందని ఆశపడొద్దు. పైన కొండ మీద వాన పడితే కింద ఆకాశం తేటగా ఉన్నా నీళ్లు వచ్చిపడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు నడుమ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, మార్చి నుంచి ఎండలు, ఆ తర్వాత మళ్లీ వానలు. మిగిలిందల్లా సంక్రాంతికి అటూ ఇటూ రెండున్నర నెలలే.

చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను మామిడి తోపే చెబుతాను. మా చిత్తూరు జిల్లాలో తోట లేకపోయినా తోట ఉన్న చుట్టం ఉంటాడు. చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్లు ఎడం పెట్టిన తోటలో ఎకరాకు 40 చెట్లు. 10 అడుగుల గుడారానికి తాళ్లతో కలిపి 5 మీటర్ల చదరం కావాలి. ముదురు తోటలో కొమ్మలు కలిసిపోయి ఉంటాయి గనక వరస చివర ఖాళీ చూసుకుని, ఎండుకొమ్మ కింద కాకుండా వేయాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టేది కూడా ఈ నెలల్లోనే. కొట్టి ఎన్ని రోజులైందో తోట యజమానిని అడగండి. ఆ వారంలోనే కొట్టి ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

మిద్దె మీది రెండో గడి ఇంకా చెరిగిపోలేదు. చిన్నోడు రోజూ అందులో చాప వేసుకుని చదువుకుంటున్నాడు. అమ్మ తన చోటు ఎంచుకుంది. రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తుంది కాబట్టి తలుపు పక్కనే.