వేసవి సముద్రతీరమున కుక్కతో నడక

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వరకు సాగు తీరము కాలినడకకు ఎంతో అనువైనది. ఒక ప్రక్క బంగాళాఖాతము, మరియొక ప్రక్క కొండలు. ఋషికొండ ఇసుకతీరము, తొట్లకొండపై బౌద్ధ విహార శిథిలములు, ఎర్రమట్టి దిబ్బలు, చివరకు గోస్తనీ నది సముద్రమున కలియు చోటు - ఇవన్నియు ఈ దారిలోనివే. ఇట్టి తీరమున పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని నడచుట ఇద్దరికిని వేడుకయే. కాని యజమాని సాగినంత సేపు కుక్కయు సాగును. అలసితినని అది చెప్పజాలదు. తోడు విడిచి నిలిచిపోవుటకు ఇష్టపడదు. అందుచే ఉదయము ఉత్సాహముతో బయలుదేరిన కుక్క, ఎండ ముదిరిన పిదప ప్రాణాపాయ స్థితికి రావచ్చును. అదే ఎండలో, అదే దారిని నడచిన మనిషికి కలుగని ముప్పు కుక్కకు ఏల కలుగును?

చెమటకు బదులు రొప్పు

మనిషి చర్మమునందు ఇరువది లక్షలకు పైగా స్వేదగ్రంథులు కలవు. చెమట ఆవిరియగునపుడు శరీరము నుండి వేడిని గ్రహించును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణము కావలెను. కుక్కకు ఇట్టి స్వేదగ్రంథులు ముఖ్యముగా అరికాలి మెత్తలయందే ఉన్నవి. అవి శరీరమును చల్లబరచుటకు చాలవు.

కావుననే కుక్క రొప్పును. విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 15 మొదలు 30 సార్లు శ్వాసించు కుక్క, వేడెక్కినపుడు 300 సార్లకు పైగా శ్వాసించును. ఇంత వేగముగా కండరములు పనిచేసినచో ఆ శ్రమవలననే మరింత వేడి పుట్టదా? ఇచ్చట ప్రకృతి చూపిన నేర్పు గమనింపదగినది. ఉయ్యాలకు సహజమైన ఊపు ఒకటి ఉన్నట్లే కుక్క ఛాతీకి, ఊపిరితిత్తులకు ఒక సహజ కంపన వేగము కలదు. కుక్క ఇంచుమించు ఆ వేగముననే రొప్పును. ఊపుననుసరించి నెట్టిన ఉయ్యాలకు కొద్దిపాటి బలమే చాలును గదా!

రొప్పు కుక్క గాలిని ప్రధానముగా ముక్కుతో పీల్చి నోటితో విడుచునని 1970లో ష్మిట్-నీల్సన్, ఆయన సహచరులు ప్రయోగపూర్వకముగా చూపిరి. ముక్కులోపలి తడిపొరలపై గాలి సాగునపుడు నీరు ఆవిరియై, ఆ పొరలలోని రక్తము చల్లబడును. ముక్కు పొట్టిదైన పగ్, బుల్‌డాగ్ వంటి జాతులలో ఈ ఏర్పాటు చక్కగా సాగదు. వానికి ఎండ మరింత ప్రమాదకరము.

తీరపు గాలిలో తేమ

నీరు ఎంత త్వరగా ఆవిరియగునో గాలిలోని తేమను బట్టి యుండును. తీరపు గాలిలో తేమ హెచ్చు. కనుక ఎంత రొప్పినను ఆవిరి మందగించును. ఉష్ణమాపకము చూపు అంకె లోతట్టు ఊరిలో కంటె తక్కువగా నున్నను, కుక్కకు కలుగు బాధ తక్కువ కాకపోవచ్చును. ఆరోగ్యముగా నున్న కుక్క శరీరోష్ణత 38 మొదలు 39 సెంటీగ్రేడు డిగ్రీలు. అది 41 డిగ్రీలు దాటినచో మెదడు, మూత్రపిండములు, ప్రేగులు దెబ్బతినును.

ఇసుక, ఉప్పునీరు

ఎండవేళ పొడి ఇసుక పైపొర 50 డిగ్రీలు దాటుట అరుదు కాదు. రేణువుల నడుమ గాలి నిండియుండుటచే వేడి లోనికి దిగక పైననే నిలుచును. తడి ఇసుకలో వేడి లోనికి ప్రసరించును. పైగా నీరు ఆవిరియగుచుండుటచే అది చల్లగా నుండును. కనుక అల తాకి వెడలిన చోటనే కుక్కను నడిపించుట మేలు. ముంజేతి వెనుక భాగమును ఇసుకపై ఆనించి, ఏడు లెక్కించునంత సేపు ఓర్వలేకున్నచో ఆ ఇసుక కుక్క పాదమునకును తగదు.

దాహము గొన్న కుక్క సముద్రపు నీటిని త్రాగబోవును. లీటరు సముద్రజలమున సాధారణముగా సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. ఇది రక్తమునందలి లవణసాంద్రతకు మూడు రెట్లకు మించినది. ఎక్కువగా త్రాగినచో ద్రవాభిసరణము వలన శరీరములోని నీరు ప్రేగులలోనికి చేరి విరేచనములు కలుగును. రక్తమున సోడియము హెచ్చి వణకు, మూర్ఛ రావచ్చును. మంచినీరు వెంట తీసికొనిపోయి కొద్దికొద్దిగా తరచు పట్టవలెను.

ఆపద వచ్చినపుడు

ఆగని రొప్పు, చిక్కని చొంగ, చిగుళ్లు మిక్కిలి ఎర్రబారుట, వాంతి, తూలి నడచుట - ఇవి వడదెబ్బ గురుతులు. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, గాలి విసరవలెను. మంచినీరు దొరకనిచో తడుపుటకు సముద్రపు నీరైనను పనికివచ్చును; త్రాగనీయరాదు. తడిగుడ్డ కప్పి ఉంచరాదు. అది గాలిని అడ్డగించును. ముందు చల్లబరచి, పిమ్మట పశువైద్యుని వద్దకు చేర్చవలెను.

తాబేళ్ల గూళ్లు

కుక్కకు కలుగు కీడే గాక, కుక్కవలన కలుగు కీడును కలదు. చలికాలము నుండి వేసవి ఆరంభము వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఈ తీరమునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గ్రుడ్లు పెట్టును. 45 మొదలు 60 దినములలో అవి పిల్లలగును. వాసన పట్టిన కుక్క క్షణములో ఆ గూటిని పెల్లగించి గ్రుడ్లను తినివేయగలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు రక్షణ కల్పించినది. ఆ మాసములలో కుక్కను గొలుసుతోనే నడిపించుట పౌరుల బాధ్యత.

విద్యార్థులకు ఒక ప్రయోగము

రెండు పళ్లెములలో ఇసుక పోసి, ఒకదానిని నీటితో తడిపి, రెంటిని ఎండలో నుంచుడు. అరగంటకొకసారి రెంటి పైపొరల ఉష్ణోగ్రతను కొలిచి వ్రాసికొనుడు. మధ్యాహ్నమునకు రెండు అంకెల నడుమ కనబడు అంతరమే, తీరమున కుక్క పాదము ఏ దారిని కోరునో తెలుపును. నడకకు ఏ వేళ మంచిదో ఆ పట్టికయే చెప్పును.