ఆరోగ్యశ్రీ: మోకాలు చిప్పల ఆపరేషన్‌లో ఏ కీలు మంచిది?

‘రేటు ఎక్కువున్న కీలు వేయించుకుంటే మళ్లీ కింద కూసోవచ్చా?’ అని చాలామంది అడుగుతున్నారు.

కొన్ని రకాల కీళ్లలో మోకాలి వెనుక లిగమెంటును ఉంచుతారు. కొన్నింట్లో దాన్ని తీసేస్తారు, ఆ పని ప్లాస్టిక్ గూటం చేస్తది. ‘హై ఫ్లెక్స్’ ఎక్కువ వంగేందుకు చేసింది. నడకలో మాత్రం వీటి మధ్య పెద్ద తేడా కనబడదు. 2017లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధరలు చూడండి: మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకు రూ.54,720, హై ఫ్లెక్స్‌కు రూ.56,490, జీఎస్టీ అదనం. దీనికోసం అప్పు చేయొద్దు.

నడక తెచ్చేది తొడ కండ బలం. ఫిజియో చెప్పిన కసరత్తు నొప్పున్నా మానొద్దు. కుర్చీ మరుగుదొడ్డి వాడండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఫ్లోరైడ్ ఊర్లవాళ్లు వెన్ను కూడా చూపించుకోవాలి. అది బిగుసుకుంటే మోకాలు మార్చినా నడక పూర్తిగా సాఫు కాదు. ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో మీ కార్డుకు వర్తిస్తదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి.