పేలుడు సైజు కాదు, దిశ ముఖ్యం: కరెంట్ షీట్ కథ

పోయిన ఎపిసోడ్‌లో ఒక తప్పు మాట చెప్పాను. "సూర్యుడి మీద పేలుడు ఎంత పెద్దదైతే మనకి అంత దెబ్బ" అన్నాను. అది చూసి నందిగామ నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయన మిర్చికి డ్రోన్‌తో మందు కొట్టిస్తాడు. "ఒరేయ్, అక్కడ పేలితే ఇక్కడ నా డ్రోన్ దారి తప్పుద్దా?" అన్నాడు. చెప్పబోయి ఇరుక్కున్నా.

ముందు ఒక కరెంటు తీగ తీసుకుందాం. కరెంటు పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం గుండ్రంగా ఉంటుంది, ఇంటర్‌లో చదివిందే. అలాంటి తీగలు వందలు పక్కపక్కనే చాపలా పరవండి, అన్నిట్లో కరెంటు ఒకే వైపు. తీగకీ తీగకీ మధ్య క్షేత్రాలు కొట్టేసుకుంటాయి. మిగిలేది చాప పైన ఎడమకి, కింద కుడికి. ఈ చాపే కరెంట్ షీట్.

దీన్ని తిరగేస్తేనే అసలు మజా. ఎదురెదురు దిశల్లో ఉన్న రెండు క్షేత్రాలు ప్లాస్మాలో నెట్టుకుంటే, తీగ లేకపోయినా మధ్యలో కరెంటు పారాల్సిందే. నెట్టేకొద్దీ చాప పల్చబడుతుంది. బాగా పల్చబడ్డాక క్షేత్ర రేఖలు జతలు మార్చుకుంటాయి, ఇటు రేఖలో సగం అటు రేఖలో సగంతో కలుస్తుంది. (ఆ రేఖలు మనం గీసుకున్నవే, నిజంగా తాళ్లేం లేవు.) క్షేత్రంలో దాగిన శక్తి వేడిగా, వేగంగా బయటికి తన్నుకొస్తుంది. దీని పేరు మాగ్నెటిక్ రీకనెక్షన్. సూర్యుడి మీద ఫ్లేర్లకి మూలం ఇదే.

నా తప్పు ఎక్కడంటే, ఇదే ఆట భూమి గుమ్మంలో కూడా జరుగుతుంది. పగటి వైపు భూమి క్షేత్రం ఉత్తరానికి ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే ప్లాస్మా తన క్షేత్రాన్ని మోసుకొస్తుంది. అదీ ఉత్తరానికే ఉంటే చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దక్షిణానికి ఉందా, ఎదురెదురు పడ్డట్టే. చాప పల్చబడి తలుపు తెరుచుకుంటుంది.

2024 మే 10 రాత్రి అదే జరిగింది. దక్షిణ దిశ గంటల తరబడి నిలిచింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో జీపీఎస్‌తో విత్తనాలు వేసే ట్రాక్టర్లు కొన్ని ఆగాయి. ఫోన్‌లో దిక్సూచికి మాత్రం తెలియనే తెలియదు. జగ్గయ్యపేటలో భూమి క్షేత్రం 40 మైక్రోటెస్లాల పైచిలుకు. ఆ తుపానుకి తగ్గింది దాదాపు 0.4. జీపీఎస్‌కి చిక్కు వేరే చోట, సిగ్నల్ దాటి రావాల్సిన అయనోస్ఫియర్‌లో. మన అక్షాంశాల్లో తుపాను లేకపోయినా పొద్దుగుంకాక అది చెదురుతుంటుంది.

దిశని ముందే పట్టేది ఎవరు? 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, 6 మీటర్ల కడ్డీకి కట్టిన మాగ్నెటోమీటర్లతో కొలుస్తుంది. అక్కడి నుంచి ఆ ప్లాస్మా ఇక్కడికి రావడానికి అరగంట నుంచి గంట. అంతే టైం. నేల మీద కొలిచే అబ్జర్వేటరీ ఎన్‌జీఆర్‌ఐది ఒకటి మన హైవే మీదే, చౌటుప్పల్‌లో ఉంది. ఉద్యోగానికి హైదరాబాద్ తిరిగిన రోజుల్లో ప్రతిసారీ దాని దగ్గర నిద్రపోయాను.

బాబాయ్‌కి చెప్పా: డ్రోన్ కూలదు, సాలు తప్పొచ్చు, అదీ తుపాను రోజు. ఆయన విని "సరే, పొద్దున్నే కొట్టిస్తాలే, గాలి కూడా తక్కువ" అన్నాడు.